కార్బన్ ఫైబరా, ఉక్కా? : ఒక కరపత్రానికి సంజాయిషీ

కిందటి సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవంనాడు వచ్చిన పూర్వవిద్యార్థులందరి చేతుల్లోనూ ఒక పసుపుపచ్చ కాగితం పెట్టాం. "మన విద్యార్థుల చేతులతో కార్బన్ ఫైబరు కారు" అని దాని శీర్షిక. ఆ కరపత్రం రాసినవాణ్ణి నేనే. అది చదివి పెద్దలు కొందరు నూరూ, కొందరు ఐదువందలూ, ఒకరిద్దరు ఐదేసి వేలూ ఇచ్చారు. మొత్తం 62,000 రూపాయలు పోగయింది. అందులో మా నాన్న ధాన్యం అమ్మిన డబ్బులోంచి ఇచ్చిన రెండువేలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు భౌతికశాస్త్ర విభాగం వెనక రేకుల షెడ్డులో ఒక ఒంటిసీటు కరెంటు కారు నిలబడి ఉంది. నడుస్తుంది కూడా. కానీ అందులో కార్బన్ ఫైబరుతో చేసింది ఒక్క సీటు మాత్రమే. మిగతాదంతా ఉక్కు గొట్టాలూ, గాజుపీచు తొడుగూనూ. "ఏమయ్యా, మా దగ్గర డబ్బు తీసుకుని ఇనపబండి చేశారా?" అని ఈసారి వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే తప్పులేదు. సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం ఇమ్మని కార్యదర్శిగారు అడగ్గానే, ఆ జవాబే రాస్తానన్నాను.

ముందు కార్బన్ ఫైబరంటే ఏమిటో చెప్పాలి. కరపత్రం రాసిననాడు నాకూ సరిగా తెలీదు మరి.

మా ఊళ్ళో బొగ్గు కాల్చేవాళ్ళు కట్టెలు పేర్చి, పైన మట్టి కప్పి, గాలి తగలకుండా రోజుల తరబడి మగ్గబెడతారు. గాలి తగిలితే మిగిలేది బూడిద. తగలకపోతే బొగ్గు. కార్బన్ ఫైబరు కూడా అలా పుట్టిందే. 1880లో ఎడిసన్ తన దీపం కోసం వెదురు ఈనెల్ని ఇలాగే బొగ్గు చేసి, ఆ సన్నని పోగులో కరెంటు పారించాడు. అది వెలుగునిచ్చింది గాని బలమైనది కాదు. బలమైన పోగు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ అనే ఆయన అద్భుతమైన బలంగల గ్రాఫైటు మీసాల్ని ప్రయోగశాలలో చూశాడు. ఆ తరవాత జపానులో అకియో షిండో, ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధకులు ఎక్రిలిక్ దారాన్నే బొగ్గు చేసే పద్ధతిని పట్టుకున్నారు. చలికాలం మనం తొడుక్కునే స్వెట్టర్లలో ఉండే ఎక్రిలిక్‌కి ఇది దగ్గరి చుట్టం. ఆ దారాన్ని లాగిపట్టి, ముందు గాలిలో రెండుమూడు వందల డిగ్రీల దగ్గర, తరవాత గాలి లేకుండా వెయ్యి డిగ్రీలకు పైన కాలుస్తారు. దాదాపు సగం బరువు ఆవిరైపోతుంది. మిగిలింది పోగు పొడవునా వరసగా పేర్చుకున్న కార్బన్. ఒక్కో పోగు మందం ఏడు మైక్రాన్లు, అంటే మన వెంట్రుకలో పదోవంతు. అలాంటివి మూడువేలు కలిపిన పేటలతో బట్ట నేస్తారు. చూడ్డానికి నల్లటి చాప లాగుంటుంది.

ఆ బట్ట దానంతటది వట్టి గుడ్డే. దానికి రెసిన్ అనే జిగురు పట్టించి, అచ్చులో పొరలు పొరలుగా వేసి గట్టిపరిస్తేనే పనికొస్తుంది. గోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కినట్టన్నమాట. పోగు లాగుడుకు ఆగుతుంది, జిగురు పోగుల్ని కదలకుండా పట్టుకుంటుంది.

ఇక లెక్కలు. స్థితిస్థాపకత పాఠంలో యంగ్ గుణకం అందరం చదివాం గదా! ఉక్కుది 200 గిగాపాస్కల్స్ పైచిలుకు. మామూలు రకం కార్బన్ పోగుది పొడవునా 230. సాంద్రత చూస్తే ఉక్కు ఘనసెంటీమీటరుకు 7.85 గ్రాములు, పోగు 1.76. నాలుగోవంతు కన్న తక్కువ బరువుతో ఉక్కును మించిన బిగువు! నేను ఇంతవరకే చదివి కరపత్రం రాసేశాను. పైగా 1981 మెక్లారెన్ రేసు కారు కథొకటి దొరికింది. జాన్ బార్నార్డ్ గీసిన ఆ కారుకు పూర్తిగా కార్బన్ ఫైబరు గుల్ల. ఆ ఏడు సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో జాన్ వాట్సన్ దాన్ని గోడకేసి కొట్టాడు. ఇంజను ఊడి వేరే దారిన పోయింది. ఆయన మాత్రం లేచి నడిచి వచ్చాడు. ఇది చదివినవాడికెవరికైనా ఒళ్ళు పులకరించదా?

మొదటి దెబ్బ మా పాఠ్యపుస్తకంలోనే తగిలింది. 230 అనేది పోగుకు మాత్రమే, అదీ పొడవునా లాగినప్పుడే. వెదుర్ని చూడండి. నిలువునా ఎంత బరువైనా మోస్తుంది. కత్తి మొన ఈనె వెంట పెట్టి కొడితే పరపరా చీలిపోతుంది. కారు శరీరానికి బలం ఒక్కవైపు నుంచే రాదు గనక పోగుల్ని నాలుగు దిక్కులకూ పరవాలి. జిగురుకు బిగువు చాలా తక్కువ, మూడు గిగాపాస్కల్స్. రెండూ కలిపి, చేత్తో వేసిన పలకకు అన్ని దిక్కులా సగటున 45 వస్తే గొప్ప. ఉక్కులో నాలుగోవంతు కన్న తక్కువే!

అయితే పలక వంగుడు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం కాస్త పెంచితే బిగువు బాగా పెరుగుతుంది. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకుకు సరితూగాలంటే కార్బన్ పలక 1.3 మిల్లీమీటర్లుంటే చాలు. చదరపు మీటరుకు ఉక్కు 6.3 కిలోలు, కార్బన్ రెండు కిలోలు. అప్పటికీ కార్బన్‌దే పైచేయి. నా నమ్మకం చెడలేదు.

పరీక్ష కోసం మూడు చదరపు మీటర్ల బట్ట తెప్పించాం, మీటరు 1,800 చొప్పున. ఐదు పొరలు వేసి, కుదించి, పట్టీలు కోశాం. (కోసేటప్పుడు లేచే నుసి చేతులకు గుచ్చుకుని దురదగొండి ఆకు రాసుకున్నట్టే ఉంటుంది. ముక్కుకు గుడ్డ లేకుండా ఎవరూ ఈ పని చేయకండి.) జిగురు సరిగా పిండకపోవడంవల్ల మందం 1.3కి బదులు 1.5 వచ్చింది, బరువూ పెరిగింది. అచ్చులో గాలి తీసే పంపూ, కాల్చే ఓవెనూ లేనివాళ్ళకు పుస్తకంలోని అంకెలు రావని అప్పుడు తెలిసింది.

ప్రయోగం మనకు తెలిసిందే. పట్టీని రెండు కత్తి అంచుల మీద ఉంచి, నడుమ బరువులు వేలాడదీసి, ట్రావెలింగ్ మైక్రోస్కోపుతో వంగుడు చూడటం. ఉక్కు పట్టీ కొంతవరకు వంగి బరువు తీయగానే లేచేది. ఆ తరవాత వంగింది వంగినట్టే ఉండిపోయింది. కార్బన్ పట్టీ ఉక్కు లొంగిపోయిన బరువుకు మూడు నాలుగు రెట్లు మోసి కూడా, తీసినప్పుడల్లా కొలబద్దలా తిన్నగా నిలబడింది. నా గదిమిత్రుడు, అంటే మా జట్టు నాయకుడు, ఈలవేశాడు. ఇంకొక బరువు వేశాం. టప్‌మని పగిలింది. ముందు చప్పుడు లేదు, వంకర లేదు. సగం ముక్క ఎగిరి కిటికీ కింద పడింది.

దానికంటే నన్ను ఇబ్బంది పెట్టింది రెండో ప్రయోగం. ఇంకొక పట్టీ మీద నడుమెత్తు నుంచి చిన్న సుత్తిని జారవిడిచాం. షెడ్డులో స్పానరు జారితే పడే దెబ్బలాంటిదే. పైన గీత కూడా లేదు. అందరి చేతా తడిమించాను, ఎవరికీ ఏమీ తగల్లేదు. కాని దాన్ని వంచితే, దెబ్బ తినని పట్టీ మోసిన బరువులో సగానికి పగిలింది. లోపల పొరలు విడిపోయాయన్నమాట. నాణెంతో తట్టి చప్పుడు విని పట్టుకునే నేర్పరులుంటారు. విమానాలకు అల్ట్రాసౌండు పరీక్షలుంటాయి. మన షెడ్డులో ఉన్నది ఒక ట్యూబులైటు.

ఇక్కడే నాకూ నా మిత్రుడికీ మాటామాటా వచ్చింది. "సగమైతే మాత్రమేం, ఉక్కు కంటే ఇంకా ఎక్కువేగా మోసింది!" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది, దాచను. నేనన్నదల్లా ఒకటే: "ఈసారి సగం. వచ్చేసారి దెబ్బ ఇంకోచోట పడితే సగమో, పావో నీకు తెలుస్తుందా? అందులో కూర్చునేది నువ్వు." కారు నడపబోయేది అతనే మరి. "కరపత్రం రాసింది నువ్వు. చందాలకు ఇల్లిల్లూ తిరిగింది నేను. ఇప్పుడు వాళ్ళకు మొహమెలా చూపించను?" అని లేచిపోయాడు. పది రోజులు ఒకే గదిలో ఉండి మాట్లాడుకోలేదు. మెస్సులో కూడా వేరే బల్ల.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన కల్టివేటరు పళ్ళు కొలిమికి పంపడానికి విప్పుతున్నారు. రాయి తగిలి ఒకటి వంకరపోయింది. అంతా విని, "అది ఇరిగితే ఎవుడు అతుకుతాడ్రా బాబూ?" అనడిగారు. అతకొచ్చు నాన్నా, పగిలినచోట చుట్టూ ఏటవాలుగా అరగదీసి, పొరలు లెక్కగా మళ్ళీ వేసి, అని చెప్పబోయాను. "మన ఊళ్ళో ఎవుడు అని అడుగుతున్నాను" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ వంకర పన్ను సాయంత్రానికి ఎర్రగా కాలి, నాలుగు దెబ్బలు తిని, చల్లబడి ఇంటికొచ్చింది.

తిరిగొచ్చాక అసలు చేయాల్సిన లెక్క చేశాను. మొదటిరోజే చేయవలసింది. కారులో బరువెక్కడుంది? చట్రానికి 24 మీటర్ల గొట్టం, 39 కిలోలు. ఉక్కు తొడుగైతే నాలుగు చదరపు మీటర్లకు 25. మోటారు, చక్రాలు, బ్రేకులు వగైరా 65. పాత ఈ-రిక్షాలోంచి తీసిన లెడ్ బ్యాటరీలు నాలుగు, 112. నడిపేవాడు 60. మొత్తం 301 కిలోలు. తొడుగంతా కార్బన్‌తో చేస్తే మిగిలేది 17 కిలోలు, నూటికి ఆరు పాళ్ళు కూడా కాదు. ఖర్చు చూస్తే, ఐదు పొరలకూ కోతలో పోయేదానికీ కలిపి బట్ట 25 చదరపు మీటర్లు, 45,000 రూపాయలు. జిగురూ అచ్చులూ దానికి వేరు. అదే లెడ్ బ్యాటరీల బదులు లిథియంవి పెడితే 65 కిలోలకు పైగా తగ్గుతుంది. కొవ్వంతా బ్యాటరీల్లో ఉంటే మేము చర్మం పల్చబరుద్దామని కొట్టుకుంటున్నాం!

బరువు తగ్గించడం గొప్ప విషయం కాదని అనడంలేదు. 1990ల్లో హైదరాబాదులో అబ్దుల్ కలాంగారు నిమ్స్ వైద్యులతో కలిసి, క్షిపణుల కోసం తయారైన తేలికైన మిశ్రమపదార్థంతో పోలియో పిల్లలకు కాలిపర్లు చేయించారు. మూడు కిలోల బరువు 300 గ్రాములకు దిగింది. అడుగడుగుకీ ఆ పిల్లవాడు దాన్ని ఎత్తాలి గనక ప్రతి గ్రామూ లెక్కే. మన తేజస్ యుద్ధవిమానం కట్టడంలో బరువు ప్రకారం 45 శాతం ఇలాంటి మిశ్రమపదార్థాలే. ఆకాశానికెత్తేదాంట్లో కిలో విలువ వేరు. మన కారు కాంపస్ లైబ్రరీ నుంచి హాస్టలు దాకా పోయేది.

ఇంకొక కథ కూడా అప్పుడే చదివాను. రోల్స్‌రాయిస్ కంపెనీవారు ఆర్‌బి-211 అనే విమాన ఇంజనుకు కార్బన్ ఫైబరు ఫ్యాను రెక్కలు పెట్టాలని చాలా పట్టుదలగా పనిచేశారు. మామూలు పరీక్షల్లో బాగానే ఉన్నాయి. ఎగిరే పక్షి తగిలితే ఏమవుతుందని పరీక్షిస్తే రెక్కలు ముక్కలయ్యాయి. టైటానియంకు మారారు. ఆ ఇంజను మీద పెట్టిన ఖర్చుల భారంతో 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. అంతటివారికే తగిలిన సుత్తిదెబ్బ మాకు తగలడంలో ఆశ్చర్యమేముంది?

మరి మోంజాలో వాట్సన్ ఎలా బతికాడు? సరిగా గీసి, సరిగా కాల్చి, నమూనాలు పగలగొట్టి చూసుకున్న కార్బన్ గుల్ల నలిగి పొడైపోతూ, కిలోకు ఉక్కు కంటే ఎక్కువ శక్తిని మింగగలదు. ఇది నిజం. కాకపోతే ఆ గుల్లల్ని చేసింది అమెరికాలో రాకెట్ భాగాలు తయారుచేసే హెర్క్యులిస్ సంస్థ. మా ఒక్కో పట్టీకే ఒక్కో మందం వచ్చింది.

ఫిబ్రవరిలో నా మిత్రుడే వచ్చి నా మంచం మీద కూర్చుని, "లెక్క చూపించు" అన్నాడు. చూపించాను. రాత్రి రెండింటిదాకా కూర్చున్నాం. తెల్లారి జట్టులో అందరికీ చెప్పి తేల్చుకున్నది ఇది. ప్రాణం కాపాడవలసిన చట్రం ఉక్కు. దెబ్బ తగిలితే వంకర కనబడాలి, ఎవరైనా అతకగలగాలి. మేము పోటీకి పోకపోయినా, విద్యార్థుల బాహా పోటీల నిబంధనల్లోని కొలతే పట్టుకున్నాం: 25 మిల్లీమీటర్ల గొట్టం, 3 మిల్లీమీటర్ల గోడ, 0.18 శాతానికి తగ్గని కార్బన్ ఉన్న ఉక్కు. (చూశారా, అందులోనూ కార్బన్ ఉంది! కరపత్రం మరీ అబద్ధం కాదు.) ఒకరు ఖరీదైన క్రోమోలీ గొట్టం తెద్దామన్నారు. అది ఆలస్యంగా లొంగుతుంది గాని తక్కువ వంగదు. ఉక్కు ఏ రకమైనా యంగ్ గుణకం దాదాపు ఒకటే. మామూలుదే తెచ్చాం.

తొడుగు దగ్గర మాత్రం మూడోదారి తొక్కాం. మన విశాఖ తీరంలో వేటకెళ్ళే ఫైబరు బోట్లను చూడని వారుండరు. అవి గాజుపీచు, రెసిన్‌తో చేసినవి. హార్బరు దగ్గర బోట్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయన రెండు ఆదివారాలు వచ్చి, చీపురుపుల్ల అంత శ్రద్ధగా బ్రష్షు పట్టుకోవడం మాకు నేర్పారు. "గాలిబుడగ కనబడితే పొడుచుకుంటూ పోవాలి బాబూ, రేపు నీళ్ళు అక్కడినుంచే వస్తాయి" అనేవారు. మా కార్బన్ పట్టీల్లో బుడగలెందుకున్నాయో ఆయన దగ్గరే అర్థమైంది. గాజుపీచు తొడుగు 13 కిలోలకు వచ్చింది. కార్బన్‌తో చేస్తే ఎనిమిది అయ్యేది. ఆ ఐదు కిలోలు ఒక పుచ్చకాయ. పోనిచ్చాం. గాజుకు ఇంకో సుఖముంది. కార్బన్ కరెంటును పారనిస్తుంది. ఉప్పుగాలిలో అది ఇనుముకు ఆనుకుని ఉంటే బ్యాటరీలాగా పనిచేసి ఇనుమును తినేస్తుంది. గాజుకు ఆ బాధ లేదు. మిగిలిన కార్బన్ బట్టతో సీటు పోసి, చట్రానికి తగిలేచోట గాజుగుడ్డ పొర వేశాం.

ఉక్కు మచ్చలేనిదని అనుకోకండి. ఈ సముద్రపు గాలికి రంగు గీసుకున్న ప్రతిచోటా వారంలో ఎర్రబడుతోంది. మా మొదటి వెల్డింగులు చూసి ఆటోనగర్ మేస్త్రీ నవ్వి, సగం మళ్ళీ చేయించారు. బరువు కూడా లెక్క కంటే నాలుగు కిలోలు ఎక్కువే తేలింది.

చందాదారులకు జమాఖర్చు: గొట్టాలు, వెల్డింగు 9,000. గాజుపీచు, రెసిన్, అచ్చులు 7,500. కార్బన్ బట్ట 5,400, దాని జిగురు 2,100. రంగు, చిల్లర 3,000. మొత్తం 27,000. ఈ-రిక్షా పాత సామాను విభాగం వారిది, దానికి చందా ముట్టలేదు. మిగిలిన 35,000 సంఘం ఖాతాలో ఉంది. లిథియం బ్యాటరీలకు దాన్ని వాడవచ్చునా అని అడుగుతున్నాం. కార్బన్ ఫైబరు కోసమే ఇచ్చామని ఎవరైనా అంటే వారి సొమ్ము వారికి తిరిగి ఇచ్చేయమని కార్యదర్శిగారికి రాసి ఇచ్చాను. మా నాన్న మాత్రం తిరిగి వద్దన్నారు. బండిని ఒకసారి తోలి చూస్తారట.

పోయిన బుధవారం నా మిత్రుడు చట్రం తుడుస్తూ, వెనక ఎడమచక్రం పైనున్న అతుకు దగ్గర రంగు మీద వెంట్రుకవాసి గీత చూశాడు. గోటితో గీరితే కింద తుప్పు. చీలికే. అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టి పెట్టాం. ఆదివారం ఆటోనగర్ తీసుకెళ్ళి అతికిస్తాం. సోమవారం నుంచి షెడ్డు తెరిచే ఉంటుంది. వచ్చి చూడండి.